సముద్రతీర సౌధానికి రెండు గీతలు

పళ్ల డాక్టరుగారు ముప్పై ఒక్క సంవత్సరాలపాటు లోకుల నోళ్లలోకి తొంగిచూసి, చివరకు తన నోటనే నీరూరించే వస్తువొకటి కనుగొన్నారు. అది పరదేశంలో, సముద్రపు ఒడ్డున వెలసిన గోల్ఫ్ కాలనీ. దళారి ఇచ్చిన రంగుల పుస్తకం ప్రకారం అక్కడ గాలికి మలినం లేదు, గేటుకు కాపలా లేని క్షణం లేదు, పొరుగువాడికి దిగులన్నది లేదు. పద్దెనిమిది అక్షౌహిణులను పూడ్చిపెట్టడానికి తవ్వినట్టు పద్దెనిమిది గుంటలు, వాటి మధ్య పచ్చిక, పచ్చిక అంచున ఇళ్లు. ఆ పచ్చిక మీద ఆడే విద్యను డాక్టరుగారు మూడు నెలలుగా ఊరవతల మైదానంలో అభ్యసిస్తున్నారు. బంతి ఇంకా ఆయన మాట వినే స్థితికి రాలేదు.

"పన్నయితే ఈపాటికి ఊడొచ్చేది" అంది ఆయన చెల్లెలు.

సౌధ నిర్మాణానికి అడ్డు ఒక్కటే. ఇప్పుడున్న ఇల్లు అమ్మితే తప్ప అక్కడ పునాది పడదు. ఈ ఇల్లు దంపతులిద్దరి పేరా ఉంది కనుక భార్య సంతకం కావాలి. ఆవిడ ఇళ్ల ప్లాన్లు గీసే మనిషి. ఊళ్లో సగంమంది ఆవిడ గీసిన తలుపుల్లోంచే లోపలికీ బయటికీ తిరుగుతుంటారు. అందరికీ ఆవిడ ప్లానమ్మ. మేడమీద ఉత్తరపు కిటికీ కింద ఆవిడ గీత బల్ల ఉంది. ఆ కిటికీని వదిలి వెళ్లడమా, మానడమా అని ఆవిడ వారం రోజులుగా తూచుకుంటోంది. డాక్టరుగారు దాన్ని నాన్చుడు అంటారు.

"ఆ ఇల్లు నువ్వే గీసుకో. ఒకళ్ల ఇళ్లు గీసి గీసి వేళ్లరిగాయని గొణుగుతుంటావుగా" అన్నారాయన.

"గీస్తాను. పుస్తకంలో ఆఖరి పేజీ చూశారా? ఆడేవాళ్లు తప్ప ఇంకెవరూ గడ్డి తొక్కకూడదట. సముద్రం గడ్డికి అవతలుంది. నేను నీళ్లదాకా పోవాలంటే కాలనీ అంతా చుట్టి వెళ్లాలి."

"నడక ఒంటికి మంచిదేగా."

"మీకు ఎదురుగా, నాకు చుట్టూనా?"

నువ్వూ ఆట నేర్చుకోరాదూ అన్న మాట ఆయన నోట రాలేదు. వస్తుందేమోనని ఆవిడ కాసేపు ఆగింది కూడా.

ప్లానమ్మ వృత్తిలో ఒక తంతు ఉంది. కాగితం మీద ఇల్లు చూసి మురిసిపోయేవాళ్లను ఆవిడ నమ్మదు. ప్లానును నేల మీద సుద్దతో అసలు కొలతల్లో గీసి, నిద్ర లేచింది మొదలు మళ్లీ పడుకొనేదాకా ఒక రోజంతా అందులో నడవమంటుంది. మొగుడి దారిని వెనకాలే ఎర్ర సుద్దతో గీస్తుంది, పెళ్లాం దారిని నీలం సుద్దతో. రెండు రంగులూ కలిసినచోట దారి వెడల్పు చేసి, ఇద్దరు కూర్చొనే చోటు పెడుతుంది. గీతలు బొత్తిగా కలవని ఇళ్లు ఇన్నేళ్లలో రెండో మూడో తగిలాయి. అప్పుడు ఎవరికీ చెప్పకుండా ఒక తలుపు పక్కకు జరిపి, కలిపి పంపించేసింది.

ఆదివారం ఉదయం, డాక్టరుగారి ఆసుపత్రి వెనక బండ్లు నిలిపే సిమెంటు నేల మీద ఆ పరదేశపు సౌధం సుద్దగీతలుగా అవతరించింది. టేపు రెండో కొస ఆడపడుచు పట్టుకుంది.

"ఇంత పొడుగా వదినా? అన్నయ్య తప్పిపోతాడేమో."

"పోతే గేటు దగ్గర కాపలావాడు తెచ్చి అప్పజెబుతాడులే."

డాక్టరుగారు పట్టాభిషేకానికి కదిలినట్టు కదిలారు. వెనకాలే ఎర్ర సుద్దతో ప్లానమ్మ. మేల్కొన్నారు. శాస్త్రోక్తంగా పళ్లు తోముకున్నారు. వరండాలో నిలబడి, ఎదురుగా ఉన్న ఒక పాత స్కూటర్‌ను మహాసముద్రంగా భావించి ఊపిరి పీల్చారు. వంటగది గోడకున్న చిన్న కిటికీలోంచి కాఫీ అందుకున్నారు. పక్క తలుపులోంచి ఆటకు వెళ్లి, ఆ తలుపులోంచే తిరిగొచ్చారు. భోజనం కిటికీలోంచే వచ్చింది. కునుకు, స్నేహితులు, టీవీ గది, పడక. ఆయన గురక పుణ్యమా అని పదేళ్లుగా ఆ దంపతులకు పడకగదులు రెండు.

తర్వాత ప్లానమ్మ నడిచింది. ఆడపడుచు నీలం సుద్ద పట్టుకుని వెంట వంగింది. వెనక గది, వంటగది, చిన్న కిటికీ, బట్టలుతికే చోటు, గీత బల్ల, మళ్లీ వంటగది, మళ్లీ కిటికీ, వెనక గది.

ఆడపడుచు నడుం పట్టుకుని లేచి చూసింది. "అదేంటొదినా, మీ ఇద్దరి గీతలూ ఎక్కడా తగల్లేదేం?"

"అదే మరి పనితనమంటే" అన్నారు డాక్టరుగారు, నిజమైన ఆదరంతో. "ఎవరి దారికి ఎవరూ అడ్డం రారు. ఒప్పుకోవాలోయ్, నీ చేతిలో కళుంది."

ఆ చెయ్యి తనదేనని ప్లానమ్మకు తెలుసు. ఆ చిన్న కిటికీ పెట్టమని ఎవరూ అడగలేదు. పక్క తలుపు ఎవరూ కోరలేదు. ఆయన మొహంలో ఏ వేళ ఏ విసుగు కనబడుతుందో దానికి ముందే తప్పుకొనే విద్య వేళ్లలోకి దిగి, కొలతలతో సహా కాగితమెక్కింది. ప్లానమ్మ పాదంతో వంటగది తలుపు చెరిపి, దాన్ని నడవలోకి తిప్పింది. కిటికీ మూసేసింది.

"ఇంకొక్కసారి నడవండి."

ఆయన నడిచారు. ఆవిడ కొత్త తలుపులో నిలబడింది. అక్కడికొచ్చి ఆయన ఆగి, ఆవిడ భుజం పక్కనుంచి వరండా కేసి చూసి, "కొంచెం జరుగు" అని, అప్పటికీ చోటు చాలదనుకున్నారేమో, స్నానాలగది చుట్టూ తిరిగి వెళ్లారు.

"ఈ తలుపు తీసెయ్. ముందున్నదే బావుంది."

ఆడపడుచు టేపు చుట్టడం మొదలుపెట్టింది. ఆ పని ఎంతకీ పూర్తి కాలేదు.

"తీసేస్తాను" అంది ప్లానమ్మ. "వెనక గదీ, గీత బల్లా కూడా తీసేస్తాను. మీ ఒక్కరికీ చిన్న ఇల్లు చాలు, మీ ఆసుపత్రి అమ్మితే లేస్తుంది. మనమున్న ఇంటి అమ్మకానికి మాత్రం నేను సంతకం పెట్టను. ఆ ఇంట్లోనే ఉంటాను."

డాక్టరుగారు తెల్లబోయారు. ఆయన ముఖంలో ఏదో కదిలింది. ఆవిడ ముప్పై ఏళ్ల అలవాటున దాన్ని చదవబోయింది. అది దిగులు కాదు, అడుగుల లెక్క. ఆయన నేలనంతా మరొకసారి కలయజూసి, వంటగది మూల నిలబడ్డారు.

"అలాగైతే మరి ఇంత వంటగదెందుకు? ఇందులో సగం తీసి గోల్ఫ్ కర్రలు పెట్టుకోడానికి గది చెయ్యొచ్చు కదా?"

"చెయ్యొచ్చు. వెడల్పు ఐదడుగులు సరిపోతుంది" అంది ప్లానమ్మ. వంగి, తెల్ల సుద్దతో కొలిచి మరీ గీసింది.