రెండు మెట్ల నడుమ

గాలి...

పుంగనూరు చింతచెట్ల మీదుగా వచ్చిన గాలి. ఎండుటాకు వాసన, ఎర్రమట్టి వాసన. రికార్డులో బయటి చప్పుడు పడకుండా కిటికీలకు కంబళ్లు కట్టినా సందుల్లోంచి దూరుతోంది.

పరంజ్యోతి కంబళ్ల వైపు చూసింది. తర్వాత పియానో వైపు. తర్వాత దాని ముందు కూర్చున్న మనిషి వేళ్ల వైపు.

ఆ వేళ్ల మీద ఆమెకు నమ్మకం లేదు.

ప్రసాదరావుది కుప్పం. యుద్ధం నడిచినన్నాళ్లూ బెంగళూరు కంటోన్మెంటు దండులో సోల్జర్లు డాన్సు చేసే హోటల్లో పియానో వాయించాడు. జాజ్ అంటారట దాన్ని. యుద్ధం ముగిసి ఏడాదైంది. హోటల్ ఖాళీ అయింది. ఇప్పుడు ఆమె కట్టిన భక్తి పాట రికార్డుకు వాయిస్తానని వచ్చాడు.

ఎందుకు వచ్చినట్టు?

మదనపల్లె చర్చిలో ఆమె పాడితే హార్మోనియం ఉంటుంది, తబలా ఉంటుంది, వెనక నలుగురు ఆడవాళ్ల గొంతులుంటాయి. ఇక్కడ అవేవీ వద్దన్నాడు. ఇంగ్లండుకు వెళ్లిపోయిన దొరసాని తన బంగళాలో వదిలిన ఈ పాత పియానో, ఆమె గొంతు... అంతే.

"మిగతాదంతా తీసేద్దాం అక్కా. పాట ఒకటే అగపడాల."

పాట అగపడితే... దాని వెనక ఇంకేం అగపడుతుందో!

భర్త జయరత్నం పటాలంలో కాంపౌండరుగా బర్మా వెళ్లాడు. వెళ్లినవాళ్లు తిరిగొచ్చారు. అతను రాలేదు. పోయాడన్న కబురూ రాలేదు. ఆ ఎదురుచూపులో కట్టిన పాట ఇది.

నీ దగ్గరే ఉండాడు, ప్రభువా...

నీ కాపుదలలో క్షేమంగా ఉన్నాడని ఒక అర్థం. నీ పరలోకానికి వచ్చేశాడని ఇంకో అర్థం.

'ఉండాడు' అన్నచోట గొంతు పై మెట్టు, అంటే పై స్వరం, ఎక్కితే, బతికి ఉన్నాడు. దాన్ని ఆనుకుని ఉన్న కింది మెట్టు మీద నిలిస్తే, లేడు. చర్చి హార్మోనియం ఎప్పుడూ పై మెట్టే పట్టుకుంటుంది. అందరూ ఆమేన్ అంటారు. ఆమె గొంతు మాత్రం ఆ రెండింటి నడుమ ఆగిపోతుంది. ఆ మోతలో అది ఎవరికీ వినపడదు.

దేవునికి తప్ప — అనుకుంది ఇన్నాళ్లూ.

పొద్దున సాధకంలో ఆ మాట దగ్గర ప్రసాదరావు పియానో మీద ఆ రెండు మెట్లూ ఒకేసారి నొక్కాడు. పైదీ, కిందిదీ. కిరుక్కుమంది.

మూల కుర్చీలో అత్త అన్నమ్మ. కోడలికి తోడుగా బస్సులో వచ్చింది. తోడో, కాపలానో.

"ఏమప్పా, వేలు జారిందా? ఆ హోటల్లో సోల్జర్లు తాగింటారు, కనుక్కోరు. దేవుడు తాగడప్పా!"

ప్రసాదరావు నవ్వాడు. "జారలేదమ్మా. అక్క పాడే స్వరానికి దీంట్లో మెట్టు లేదు. రెండింటి నడుమ ఉండాది. రెండూ నొక్కితేనే దాని దగ్గరికి పోయేది."

పరంజ్యోతి గబుక్కున అత్త వైపు తిరిగింది.

"అట్లేం లేదత్తా. నేను పై మెట్టే పాడతా."

అబద్ధం. ప్రార్థన పాట గురించి అబద్ధం.

ఎట్లా కనుక్కున్నాడు? కుప్పం స్టేషన్లో పటాలం రైళ్లు ఆగుతాయి. ఏమైనా విన్నాడా? వినే, ఆ కింది మెట్టు తాకుతున్నాడా?

అడిగేసింది. "మా ఆయన సంగతి నీకేమన్నా తెలుసునా?"

"లేదక్కా. నాకు తెలిసింది నీ గొంతే."

అది ఇంకా భయం.

అత్త బతుకుతున్నదే ఆ పై మెట్టు మీద. నా కొడుకు వస్తాడని వీధి వీధికీ చెప్పే మనిషి. కోడలి నోటనే కింది మెట్టు వింటే... ఏమవుతుంది?

గ్రామఫోన్ల వ్యాపారి అబ్దుల్ గఫార్ యంత్రం మీద, సూది పాటను గీసే మైనపు పలక బిగించాడు. "మళ్లీ పెట్టి వినేది కుదరదమ్మా, చెడిపోతాది. బాగుంటే కంపెనీకి పోతాది. లేదంటే పైపొర చెక్కేసి ఇంకోసారి."

సూది దిగింది.

ఆమె పాడింది. పియానో అక్కడొక స్వరం... ఇక్కడొక స్వరం... నడుమ ఏమీ లేదు. దాక్కోవడానికి తబలా లేదు. హార్మోనియం లేదు. తన ఊపిరి తనకే వినిపిస్తోంది.

నీ దగ్గరే...

ఎక్కాలి. ఎక్కుతానని అత్తకు చెప్పింది. ప్రసాదరావు వేళ్లు లేచి, గాలిలో ఆగాయి. ఆమె కోసం ఆగాయి.

ఎక్కలేకపోయింది. దిగలేకపోయింది.

నడుమే నిలిచింది గొంతు. అప్పుడు రెండు మెట్లూ మెల్లగా దాని కిందికి వచ్చాయి — ఒక్కరు మోయలేని బరువును ఇద్దరు చెరో పక్కా పట్టుకున్నట్టు.

సూది లేచింది.

"ఉంచేదా, చెక్కేసేదా?" అడిగాడు గఫార్.

చెక్కెయ్యమని చెప్పబోయింది పరంజ్యోతి.

"ఉండనీప్పా," అంది అన్నమ్మ. తల ఎత్తలేదు. "సరింగానే ఉండాది."

సరింగానే...

పరంజ్యోతి అత్త మొహం వైపు చూసింది. ఏది సరి? ఈమెకు ఎప్పటి నుంచి తెలుసు? చర్చిలో తన పక్కనే నిలబడి ఇన్నాళ్లూ పాడిన ఈ ముసలి గొంతు ఏ మెట్టు మీద ఉండేదో — తానెన్నడైనా విన్నదా?

అడగలేదు. ప్రభువునూ అడగలేదు.

గఫార్ కంబళ్లు విప్పాడు. గాలి లోపలికి వచ్చింది. ఎండుటాకు వాసన, ఎర్రమట్టి వాసన.

అత్తాకోడళ్లు ఆ గాలే పీల్చారు... చెరో వైపు చూస్తూ.