ఆమెనెవరూ అడగలేదు

ఆ వీధిలో ఆమెను అందరూ యూనిఫారాలమ్మ అనేవారు. రెండు స్కూళ్లకూ ఒక ఫ్యాక్టరీకీ బట్టలు కుట్టేది. వయసు నలభై ఆరు. షుగరు వచ్చి ఆరేళ్లు. భర్త లిఫ్టు మెకానిక్కు, ఆయనకు నాలుగేళ్లుగా ఉంది. ఏ విషయంలోనూ తన మాట వినని మనిషి ఈ ఒక్కదాంట్లో తన వెనకే వచ్చాడని ఆమె అందరితో నవ్వుతూ చెప్పేది.

ఏడాదిగా ఆ నవ్వు లేదు. ఆయన మంచమెక్కగానే గోడవైపు తిరిగిపోయేవాడు. భుజం మీద చెయ్యి వేస్తే అలసిపోయానని కసురుకునేవాడు.

క్లినిక్కుకు ఇద్దరూ కలిసే వెళ్లేవారు. ఒకరోజు డాక్టరు కాగితాలు పక్కన పెట్టి, కాపురంలో ఏమైనా ఇబ్బందిగా ఉందా అని ఆయన్ని సూటిగా అడిగాడు. మెకానిక్కు చెవులు ఎర్రబడ్డాయి. అవునన్నట్టు తలూపాడు. షుగరు ఏళ్ల తరబడి ఎక్కువగా ఉంటే నరాలూ సన్నటి రక్తనాళాలూ దెబ్బతింటాయనీ, చాలామంది మగవాళ్లకు ఇలా అవుతుందనీ, సిగ్గుపడాల్సిన పని లేదనీ డాక్టరు ఓపిగ్గా చెప్పాడు. గుండె పరీక్షలు చేయించాకే మాత్ర రాస్తానన్నాడు.

ఆమె మనసు తేలికపడింది. తర్వాత తన వంతే కదా అని కుర్చీలో కాస్త ముందుకు జరిగింది కూడా. డాక్టరు ఆమె ఫైలు తిరగేసి, తీపి తగ్గించమ్మా అని చెప్పి, తర్వాతి పేషెంటు కోసం గంట నొక్కాడు.

ఆమెకు రెండేళ్లుగా కింద దురద, మంట. తగ్గినట్టే తగ్గి మళ్లీ మొదటికొచ్చేది. భర్త దగ్గరికొస్తే లోపలంతా ఎండిపోయినట్టుండేది. నొప్పికి పళ్లు బిగబట్టేది. ఒకసారి ఇదే డాక్టరుతో మంటగా ఉంటోందని అంటే, నీళ్లు బాగా తాగమన్నాడు. నర్సుతో చెబితే ఈ వయసులో మామూలేనంది. సొంత అక్కకు చెప్పుకుంటే, కూతురు పెళ్లీడుకొచ్చాక నీకింకా ఆ గోలేంటే అని నవ్వి ఫోను పెట్టేసింది. ఇంక ఎవరికి చెప్పాలి? కుట్టుమిషనుకా? నిజం చెప్పాలంటే, ఆయన గోడవైపు తిరిగిన ఆ ఏడాది ఆమెకు సగం బెంగ, సగం ఊరట.

పరీక్షలు అయ్యాయి, మాత్ర వచ్చింది, పనిచేసింది. ఆదివారం మధ్యాహ్నం కూతురు లైబ్రరీకి వెళ్లాక, ఆయన కొత్త పెళ్లికొడుకులా తలుపు గడియ వేశాడు. ఆమె ఓర్చుకోవాలనే చూసింది. ఓర్చుకోలేక ఆయన్ని నెట్టేసింది.

ఆయన మంచం అంచున కూర్చుని చొక్కా బొత్తాలు తప్పుగా పెట్టుకుంటూ, "నేను బాగైతే నీకు అక్కర్లేకుండా పోయానన్నమాట" అన్నాడు.

"అక్కర్లేదని నేనన్నానా? నొప్పండీ. కోసినట్టుంటుంది."

"మరి ఇన్నాళ్లూ చెప్పవేం?"

ఆ మాటతో ఆమెకు అరికాలి మంట నెత్తికెక్కింది. "ముగ్గురికి చెప్పాను. మీకు చెబుదామంటే మీరు గోడతో కాపురం చేస్తిరి."

ఆయన గడియ తీసి బయటికి వెళ్లిపోయాడు. రెండు రోజులు ఇంట్లో మిషను చప్పుడే తప్ప మాటల్లేవు.

మూడో రోజు ఆమె పని ఆపి క్లినిక్కుకు బయల్దేరింది. ఆయన కూడా సెలవు పెట్టి వెంట వచ్చాడు. డాక్టరు ఆమె రిపోర్టు చూసి, పోయినసారికంటే నయమేనని గంట మీద చెయ్యి వేశాడు. ఆమె లేవలేదు.

"ఆయన్ని అడిగారు కదండీ, కాపురం ఎలా ఉందని. నన్ను కూడా అడగండి."

డాక్టరు కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు. అలాంటివి లేడీ డాక్టరుతో మాట్లాడుకుంటే మంచిదని నసిగాడు.

"చూపించుకుంటాను. కానీ ఇది కూడా షుగరు వల్లేనా కాదా? ఆయనకు పావుగంట చెప్పారు. నాకు అయిదు నిమిషాలు చెప్పండి, చాలు."

చెప్పాడు. షుగరు ఎక్కువైతే ఆ భాగంలో ఫంగస్ పదేపదే వస్తుంది. నరాలు, రక్తప్రసరణ దెబ్బతింటే ఆడవాళ్లకు కూడా తడి తగ్గుతుంది, స్పర్శ మొద్దుబారుతుంది, కోరిక సన్నగిల్లుతుంది. అన్నిటికీ ఏదో ఒక దారి ఉంది. అంతా విని, మరి ఇన్నాళ్లూ ఎందుకు అడగలేదని ఆమె నిలదీసింది. ఆడవాళ్లు ఇబ్బందిపడతారేమోనని ఆగానన్నాడు డాక్టరు. ఇబ్బంది తనకో డాక్టరుకో తేల్చుకోమందామె.

లేడీ డాక్టరు పరీక్ష చేసి, ఫంగస్‌కు మందూ, పొడిదనానికి జెల్లూ రాసింది. మందుల షాపతను వాటిని నల్ల కవరులో చుట్టి, ఆమెను చూడనట్టే మెకానిక్కు చేతికిచ్చి, ఎలా వాడాలో ఆయనకే చెప్పడం మొదలుపెట్టాడు. ఆమె కవరు లాక్కుంది. "వాడేది నేను. నాకు చెప్పు."

నెల తిరిగేసరికి దురద పోయింది. నొప్పి సగం తగ్గింది, మిగతాది మెల్లగా తగ్గుతుందన్నారు. ఆయన ఇప్పుడు గడియ వేసే ముందు, ఎలా ఉంది అని అడుగుతున్నాడు. కొన్ని రోజులు బాగుందంటుంది, కొన్ని రోజులు వద్దంటుంది. వద్దన్న రోజున కూడా ఆయన ఇటువైపే తిరిగి పడుకుంటున్నాడు.

ఆమె కోపం మాత్రం దిగలేదు. చిన్న ట్యూబు మందుతో పోయేదానికి రెండేళ్లు పళ్లు బిగబట్టానా అని తలచుకున్నప్పుడల్లా మిషను మీద కాలు గట్టిగా పడి, దారం తెగుతోంది.