బడి మెరక ఎవరిది?

విశ్వనాథ్ గారు గోదావరి పాయ ఒడ్డున ఒక హైస్కూల్లో సోషల్ మేస్టారు. ఇరవై ఎనిమిదేళ్ల సర్వీసులో చరిత్రని నాలుగు రకాలుగా చెప్పారు. మొదట్లో రాజుల వరస బెత్తం పట్టుకుని వల్లె వేయించారు. తర్వాత పైవాళ్లు బిట్లు చాలన్నారు, బిట్లు చెప్పారు. ఆ తర్వాత క్లాసులో గోడకి పెద్ద స్క్రీను బిగించారు. యుద్ధాలన్నీ అదే చేసేది, ఈయన పక్కన నిలబడేవారు. పోయినేడాది రాజమండ్రిలో మూడ్రోజులు ట్రైనింగిచ్చి, చరిత్ర చెప్పకూడదు, పిల్లలే పెద్దల్ని అడిగి తెలుసుకోవాలన్నారు. పెద్దల నోటిమాటా ఆధారమేనట. చెప్పే పని తప్పినందుకు ఆయన సంతోషించారు.

'మన బడి చరిత్ర' అని ప్రాజెక్టు ఇచ్చారు. క్లాసంతా గేటు దగ్గరి పాలరాతి పలక చూసి స్థలమిచ్చిన దాతగారి పేరు రాసుకొచ్చింది. లక్ష్మీదుర్గ మాత్రం వాళ్ల మామ్మ తలుపులమ్మని అడిగింది. బడి ఉన్న మెరక ఒకప్పుడు వేటవాళ్లు వలలూ చేపలూ ఆరబెట్టుకునే జాగా అనీ, కాగితం మీద వేలిముద్రలు వేయించుకుని దాతగారు తనదన్నారనీ, తర్వాత బడికి దానమిచ్చారనీ చార్టు మీద రాసింది.

దాతగారి మనవడు సురేంద్ర గారే ఈ చార్టుల ప్రదర్శనకి ముఖ్య అతిథి. ఆ ఉదయం హెడ్మాస్టరు ఉదయ్‌భాస్కర్ గారు చార్టు చూసి, దీనికి ఆధారం లేదు, తీసెయ్యమన్నారు. విశ్వనాథ్ గారు తీసి బీరువా వెనక పెట్టారు.

లక్ష్మీదుర్గ ఇంటికెళ్లి మామ్మని తీసుకొచ్చింది. సభ మొదలయ్యేసరికి తలుపులమ్మ, చార్టు తీసేసిన ఖాళీ గోడ దగ్గర నిలబడి ఉంది.

"ఆధారం కావాలన్నారంట మేస్టారూ. వచ్చానండి. ఏలిముద్రేసిన వాళ్లలో మా అయ్య ఒకడు. అప్పుడు నేను పక్కనే ఉన్నాను," అంది.

సురేంద్ర గారు నవ్వి, పెద్దావిడకి కుర్చీ వేయించమన్నారు. ఆవిడకి శాలువా కప్పి ఫొటో తీయించుకున్నారు. మర్నాడు పేపర్లో 'దాత కుటుంబం చేతుల మీదుగా వృద్ధురాలికి సత్కారం' అని పడింది. చార్టు సంగతి ఎక్కడా లేదు.

యూనిట్ టెస్టులో హెడ్మాస్టరు గారు తానే ఒక బిట్ ఇచ్చారు: బడి స్థలదాత ఎవరు? నాలుగు జవాబులిచ్చారు. లక్ష్మీదుర్గ కింద ఐదోది రాసుకుంది, 'వేటవాళ్లు', దానికే టిక్కు పెట్టింది.

విశ్వనాథ్ గారు ఆ పేపరు దిద్దడానికి ఎర్రపెన్ను తీశారు. ట్రైనింగులో విన్నది గుర్తొచ్చింది. ఒక మార్కు వేశారు. మధ్యాహ్నం హెడ్మాస్టరు గారు పిలిచి, కీ చూసే దిద్దారా అనడిగారు. పొరపాటైందండి అని విశ్వనాథ్ గారు మార్కు కొట్టేసి, పక్కన పొట్టి సంతకం పెట్టారు.

పేపర్లు పంచినప్పుడు లక్ష్మీదుర్గ తన పేపరు పట్టుకుని బల్ల దగ్గరికొచ్చింది.

"సార్, ఈ సంతకం ఎవరిదండీ?"

"నాదే," అన్నారాయన.

ఆ పిల్ల తల ఊపి, పేపరు జాగ్రత్తగా మడిచి పుస్తకంలో పెట్టుకుంది.