తొమ్మిదో ప్రశ్న

జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో తెలుగువాళ్లలో ఎవరికి ఏ కాగితం వచ్చినా అది ప్రవీణ ఇంటికే చేరుతుంది. ఇంటి చిరునామా నమోదు చేసే అన్మెల్డుంగ్ గానీ, పసిపిల్లల బడి కీటాకు దరఖాస్తు గానీ, ఆమె పెన్ను పట్టిందంటే పని అయినట్టే. అడగందే అమ్మైనా పెట్టదంటారు పెద్దలు. ప్రవీణ సూత్రం ఇంకొకటి: అడిగినదానికి మించి ఆఫీసులకు ఒక్క ముక్క కూడా పెట్టకూడదు. మళ్లీ ప్రశ్నలు రాకుండా రాయడమే ఆమె లెక్కలో తెలివి. ఆ తెలివిని వెంటబెట్టుకునే తమ్ముణ్ణి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లింది.

తమ్ముడు శశికాంత్ పాడర్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతున్నాడు. ఈ సెమిస్టర్ పరీక్షలు రాయలేదు, ఫోన్ ఎత్తడం మానేశాడు. కంగారుపడి ప్రవీణ రైలెక్కి వెళ్లి చూస్తే, పట్టపగలు కర్టెన్లు మూసుకుని పడుకుని ఉన్నాడు. మనిషి సగమయ్యాడు. తనింటికి తెచ్చుకుని, వాళ్లనీ వీళ్లనీ బతిమాలి టెర్మిన్, అంటే డాక్టర్ అపాయింట్‌మెంట్, సంపాదించింది.

రిసెప్షన్‌లో ఒక పేజీ ఇచ్చారు. గత రెండు వారాలు ఎలా గడిచాయో అడిగే తొమ్మిది ప్రశ్నలు. ప్రతిదానికీ నాలుగు గడులు: అసలు లేదు, కొన్ని రోజులు, సగానికి పైగా రోజులు, దాదాపు రోజూ. సున్నా నుంచి మూడు దాకా మార్కులు. మొత్తం ఎంత పెరిగితే డిప్రెషన్ అంత ముదిరినట్టు. అంతా జర్మన్‌లోనే ఉంది. శశికి బేకరీలో బ్రెడ్డు కొనుక్కునేంత జర్మనే వచ్చు. ఇంకేముంది, పెన్ను ప్రవీణ చేతికొచ్చింది.

"నిద్ర పడ్తుందారా?"

"పడ్తలేదక్కా. తెల్లారుతదిగని కన్ను మూతపడది."

'కొన్ని రోజులు' గడిలో గీత పెట్టింది.

"ఆకలి?"

"తినబుద్ధయితలేదు. రోజూ గంతే."

అదీ కొన్ని రోజులే అయింది. శశి ఆ గీత వంక చూశాడు.

"ఏందట్ల చూస్తున్నవ్? నిన్న పెసరట్టు తిన్నవ్ కద! రోజూ అని రాస్తే హాస్పిటల్ల పెడ్తరు. చదువాగితే వీసా సంగతేంది? అమ్మకేం చెప్పాలె?"

ఈ అక్కాతమ్ముళ్లకో మేనమామ ఉన్నాడు. షుగర్ పరీక్షకు రెండు రోజుల ముందు స్వీట్లు మానేసి, డాక్టర్ చేత శభాష్ అనిపించుకుని, వచ్చేదారిలో జిలేబీ తినే ఘనుడు. ఆయన్ని తల్చుకుని ప్రవీణ ఎన్నోసార్లు పడీపడీ నవ్వింది. ఈరోజు మాత్రం ఆయన గుర్తు రాలేదు.

ఎనిమిది ప్రశ్నలు అయ్యాయి, అన్నిటికీ 'కొన్ని రోజులు' గడిలోనే గీత. తొమ్మిదోదాన్ని పైకి చదవబోయి ఆగింది. చనిపోతే మేలని గానీ, తనకు తాను హాని చేసుకోవాలని గానీ అనిపించిందా అని ఉంది. ఆమెకు చచ్చేంత భయమేసింది. ఆ మాట తన నోటితో అడిగితే నిజమైపోతుందేమో అనుకుంది. అడక్కుండానే 'అసలు లేదు' గడిలో గీత పెట్టి కాగితం ఇచ్చేసింది.

లోపలికి పిలిచాక డాక్టరమ్మ మార్కులు కూడి ప్రవీణతో జర్మన్‌లో ఏదో చెప్పింది. ప్రవీణ ముఖం తేటపడింది.

"ఎనిమిదేనట శశీ. తేలికపాటిదేనట. నెలకు మళ్లీ రమ్మంటున్నది."

"ఎనిమిదెట్ల వస్తదక్కా?"

"అంటే?"

"గీ ప్రశ్నలే నెట్ల ఇంగ్లిష్ల ఉన్నయ్. నేను ఒక్కన్నే కూసొని ఎన్నోసార్లు చేసిన. ఎప్పుడు చేసినా ఇరవై దాటుతది." అతని గొంతులో కోపం లేదు, అలసట తప్ప. "ఆఖరిది నన్ను అడగనే లేదు నువ్వు."

డాక్టరమ్మకు తెలుగు రాకపోయినా, వాళ్ల ముఖాలు చూసి కీబోర్డు పక్కకు జరిపింది.

"అడుగక్కా. నాకు జర్మన్ రాక కాదు, ఇంగ్లిష్ల చెప్పుకోలేక కాదు. నువ్వడుగుతవనే నీ వెంబడి వచ్చిన."

ఆమెకు ఏడుపొచ్చింది. ఏడుస్తూనే అడిగింది. "సచ్చిపోతే బాగుండనిపిస్తుందారా?"

"దాదాపు రోజూ."

ప్రవీణ తమ్ముడి చెయ్యి గట్టిగా పట్టుకుంది. ఆ కాగితంలో ఉన్నవి తన జవాబులని, తమ్ముడివి వేరని, డాక్టరమ్మ ఏమీ అడక్కముందే జర్మన్‌లో చెప్పడం మొదలుపెట్టింది.