గాలిమూత

వెంకటప్పయ్యగారికి పైపు పట్టించింది డాక్టరు. సిగరెట్లు మానకపోతే తన దగ్గరికి రావద్దని ఆ డాక్టరు తెగేసి చెప్పాక, ఆయన కొన్నాళ్లు ఇంట్లో అందరి మీదా విరుచుకుపడి, చివరికి బజారు నుంచి ఒక పైపు పట్టుకొచ్చారు. పైపు పొగను మింగరట. నోట్లో ఆడించి వదిలేస్తారట. కాబట్టి అది పొగతాగడం కిందికే రాదట. ఈ సంగతి ఆయనకు ఏ డాక్టరూ చెప్పలేదు. రిటైరయ్యేదాకా ట్రాన్స్‌పోర్టు కంపెనీలో లారీల వాళ్లను గదమాయించి బతికిన మనిషి కనక, తనకు తోచిందే శాస్త్రం. భార్య ఛాయాదేవి ఎదురు చెప్పలేదు. ఆయనకు ఎదురు చెప్పే అలవాటు ఆవిడకు పెళ్లినాటి నుంచీ లేదు.

పైపుతో చిక్కల్లా గాలితోనే వచ్చింది. భవానీపురంలో వాళ్లిల్లు కృష్ణకు దగ్గర. సాయంత్రం స్నానాల ఘాటు వైపు నడకకు వెళితే నది మీది గాలికి పైపు గిన్నెలో పొగాకు భగ్గున రాజుకునేది, రవ్వలు లేచేవి. ఆయన చొక్కాలన్నిటికీ గుండెల మీద సూది గుచ్చినట్టు చిల్లులు. ఒకరోజు ఒక రవ్వ ఎగిరొచ్చి ఛాయాదేవి మంగళగిరి చీర కొంగు మీద వాలింది. ఆ చీర కట్టడం రెండోసారి కూడా కాదు. "చూసుకుని నడవొద్దూ?" అని ఆయనే కసురుకున్నారు. నిప్పు ఆయనది, చూసుకోవాల్సింది ఆవిడ.

ఆ చీర చూసి కూతురు కీర్తన ఆన్‌లైన్లో వెతికి మరీ ఒక మూత తెప్పించింది. రూపాయి బిళ్లంత స్టీలు మూత, దాని నిండా సన్నటి బెజ్జాలు. పైపు గిన్నె మీద బిగుతుగా కూర్చుంటుంది. గాలి సూటిగా తగలదు, పొగాకు నిదానంగా కాలుతుంది, రవ్వ బయటికి రాదు. ఆయన దాన్ని విండ్ క్యాప్ అన్నారు, ఇంట్లో పనిమనిషితో సహా అందరూ గాలిమూత అన్నారు. ఘాటు మీద తోటి నడకవాళ్లకు ఆయన దాన్ని తీసి చూపించి, "ఆరుబయట పైపు కాల్చేవాడు ఇది లేకుండా కాల్చాడంటే వాడికి బాధ్యత లేనట్టే" అని చెప్పేవారు. తారు పట్టి బెజ్జాలు పూడుకుపోయినప్పుడు దాన్ని చింతపండు రసంలో నానేసి, పిన్నీసుతో ఒక్కొక్క బెజ్జమే పొడిచి శుభ్రం చేసే పని ఛాయాదేవిది. బాధ్యత ఆయన నోట్లోనూ, మూత ఆవిడ చేతుల్లోనూ ఉండేవి.

కంకిపాడు దాటి కాస్త లోపలికి పోతే ఛాయాదేవి పుట్టిన ఊరు. అక్కడ ఆవిడకు మూడెకరాల మాగాణి ఉంది. పెళ్లిలో తండ్రి పసుపుకుంకుమ కింద రాసిచ్చిన పొలం. దస్తావేజు మీద పేరు ఆవిడది, పాసుపుస్తకంలో ఫొటో ఆవిడది. ఎవరికి కౌలుకివ్వాలి, ఎప్పుడు మాన్పించాలి అన్నది మాత్రం మొదట్నుంచీ ఆయనే చూస్తారు. ఆ చుట్టుపక్కల ఇళ్లల్లో ఇది మామూలే కనక ఆవిడకూ అందులో వింతేమీ తోచలేదు. ఎన్నో ఏళ్లుగా ఆ పొలం రత్తయ్య చేస్తున్నాడు. అతని భార్య మాణిక్యం ఛాయాదేవి ఈడుది. వాళ్లమ్మ ఛాయాదేవి పుట్టింట్లో పనిచేసేది. అందుకే ఇద్దరికీ అరవై దాటినా మాణిక్యం ఆవిడను ఇంకా "అమ్మాయిగారూ" అనే పిలుస్తుంది.

మాణిక్యానికి చుట్ట అలవాటు. అదీ అందరిలా కాదు. వెలిగించిన కొసను నోట్లోకి తిప్పుకుని, పెదాలు మూసి కాలుస్తుంది. అడ్డపొగ అంటారు దాన్ని. పొలంలో ఎంత గాలి వీచినా చుట్ట ఆరదు, గడ్డి మీద రవ్వ పడదు, రెండు చేతులూ పనికి ఖాళీగా ఉంటాయి. కిందటేడు నాట్లప్పుడు గట్టు మీద నిలబడి వెంకటప్పయ్యగారే దాన్ని చూసి పగలబడి నవ్వారు. "చూశావా ఛాయా, మనం డబ్బు పోసి మూత కొన్నాం. దీనికి నోరే మూత!" అన్నారు. మాణిక్యం కూడా నోరు తెరవకుండానే నవ్వింది.

ఈసారి పంట చేతికొచ్చే వేళకు తుపాను పట్టింది. చేలు పడిపోయాయి, మడుల్లో నీళ్లు నిలిచాయి. కోతమిషను దిగితే కూరుకుపోతుందని మనుషుల చేత కోయించి, ఓదెలు ఆరబెట్టి, మెరక మీద కుప్ప వేశారు. నూర్పిడి అయ్యేదాకా రత్తయ్య ప్రాణం ఆ కుప్ప మీదే ఉంది. ఎరువుల కొట్టు వాడికీ, కౌలుకూ, ఇంట్లో తిండికీ అన్నిటికీ అదే ఆధారం.

కుప్ప చూసొస్తానని వెంకటప్పయ్యగారు కారు తీసిన రోజున గాలిమూత చింతపండు రసంలో ఉంది.

"ఆ మూతేదీ?" అని గుమ్మంలోంచి కేకేశారు.

"నానేశానండీ, బెజ్జాలు పూడుకుపోయినయ్. ఇవ్వాళ్టికి పైపు వద్దులెండి. గడ్డి దగ్గరికి వెళ్తన్నారు."

"సరేలే" అని పైపు జేబులో వేసుకుని వెళ్లారు.

సాయంత్రం తిరిగొచ్చేసరికి మనిషి ఒళ్లంతా పొగ కంపు. చెప్పులకు బురద. గుండెల మీద చొక్కాకు కొత్తగా మూడు నాలుగు చిల్లులు. ఛాయాదేవి మంచినీళ్లిచ్చింది. ఆయన గ్లాసు అందుకుని, ఆవిడ వంక కాకుండా గోడ గడియారం వంక చూస్తూ, "కుప్ప తగలడిపోయింది. ఫైరింజను గట్టు దాకా కూడా రాలేకపోయింది, అంతా బురద. ఆ మాణిక్యం చుట్ట కొంప ముంచింది" అన్నారు.

ఛాయాదేవి వంటింట్లోకి వెళ్లి సింకు పక్కనున్న గిన్నెలోకి చూసింది. మూత అందులోనే ఉంది, తళతళలాడుతోంది.

పొలం ఉన్న ఊళ్లో పెద్దమనుషులు పంచాయితీకి కూర్చున్నారు. సొసైటీకి ఒకప్పుడు ప్రెసిడెంటుగా చేసిన సంజీవరావుగారు మధ్యలో కూర్చున్నారు. తప్పు తనదేనని మాణిక్యం ఒప్పుకుందని వెంకటప్పయ్యగారు ఇంటికొచ్చి చెప్పారు. అన్నంలో మజ్జిగ పోసుకుంటూ, ఏదో పెద్ద మనసు చేసుకున్నట్టు చెప్పారు. "పోలీసుల దాకా ఎందుకులే అని వదిలేశా. కానీ నిప్పు పెట్టుకుని పొలంలో తిరిగేవాళ్లకి పొలం అప్పజెబితే నాది బుద్ధి తక్కువ. వచ్చే పంటకి పుల్లయ్యకిస్తానని చెప్పేశా. ఎప్పట్నుంచో కౌలుకి అడుగుతున్నాడు."

అప్పుడు ఛాయాదేవి నోరు విప్పింది. ఆ ఇంట్లో అది కొత్త సంగతి.

"మాణిక్యం చుట్ట తిరగేసి కాలుస్తుందండీ. మీకూ తెలుసు."

"నోట్లో పుండు లేచిందంట. ఆరోజు మామూలుగా కాల్చిందంట. అదే చెప్పింది, అందరూ విన్నారు."

"మీ చొక్కాకి చిల్లులు నేను చూశాను. మూత నా దగ్గరుంది."

వెంకటప్పయ్యగారికి కోపం వస్తుందనుకుంది. రాలేదు. తాపీగా మజ్జిగన్నం కలుపుతూనే అడిగారు. "మరి ఆ మూత నానేసింది ఎవరు?"

ఆవిడ మజ్జిగ గిన్నె కింద పెట్టింది.

"నేను పొలానికి వెళ్లేరోజని తెలిసి కూడా నానేశావ్. దానిమీద మళ్లీ నన్ను అడగటం. బయట ఎక్కడైనా ఈ కూత కూశావనుకో, తప్పు ముందు నీ నెత్తికే చుట్టుకుంటుంది. ఊరగాయ వెయ్యి."

ఆవిడ ఊరగాయ వేసింది. ఆయన నిజంగానే అది ఆవిడ తప్పని నమ్ముతున్నారు, అదీ ఆవిడకు కంపరం పుట్టించిన సంగతి. అబద్ధమాడే మనిషయితే ఎక్కడో ఒకచోట సిగ్గుపడతాడు. ఈయన కళ్లు కూడా దించలేదు, అన్నం తిని హాయిగా నిద్రపోయారు.

రెండు మూడు రోజులు ఆవిడ లోలోపల రగిలిపోయింది. చివరికి గుణదలలో ఉన్న కూతుర్ని చూసొస్తానని చెప్పి, కంకిపాడు బస్సెక్కింది. మొగుడితో అబద్ధమాడి గడప దాటడం అదే మొదలు. దారి పొడుగునా కిటికీలోంచి గాలి మొహానికి కొడుతుంటే ఆవిడకు ధైర్యం కూడా వచ్చింది. వెళ్లి నిజం చెబుతుంది. నలుగుర్నీ పిలిపించి చెబుతుంది. మాణిక్యం మీద పడ్డ నింద తుడిచేస్తుంది. తనను తాను మెచ్చుకోవడం కూడా ఆ బస్సులోనే మొదలైంది.

మాణిక్యం వాకిట్లో మినుములు చెరుగుతోంది. రత్తయ్య గోడవారన గొంతుక్కూర్చుని ఉన్నాడు. ఆవిణ్ని చూసి ఇద్దరూ లేచారు, కుర్చీ తెచ్చారు. రత్తయ్య మళ్లీ గోడవారకే పోయి కూర్చున్నాడు.

ఛాయాదేవి గుక్క తిప్పుకోకుండా చెప్పేసింది. "మాణిక్యం, కుప్ప తగలబెట్టింది నువ్వు కాదు. మా ఆయన పైపే. ఆరోజు దానికి మూత లేదు. నాకు తెలుసు."

"నాకూ తెలుసండి" అంది మాణిక్యం చేట దించకుండా. "నే చూశాగా. కుప్ప నీడన కుర్చీ ఏసుకుని ఎలిగిచ్చారు. గాలి లేచింది. అయ్యగారూ, రవ్వలండీ అని కేకేశానండి కూడా. ఫోన్లో ఎవరితోనో మాట్లాడతన్నారు, చేత్తో ఆగమన్నారు."

"మరి ఎందుకు ఒప్పుకున్నావే? నోట్లో పుండన్నావంట!"

"అది సంజీవరావుగారు చెప్పమన్నదండి. అయ్యగారి మీదకి పోనిస్తే రేపు పొలం ఉండదు, తప్పు నీదేనని కాళ్ల మీద పడితే జాలిపడతారు అన్నారు. పడ్డాను. పుండు లేదు, ఏం లేదు. నా నోటి సంగతి ఊళ్లో ఎవరికి తెలవదండీ? అందరూ తలకాయలు ఊపారు." చేటలోంచి రాయి ఏరి పారేసింది. "అయినా పుల్లయ్యకే ఇచ్చేత్తన్నారంటగా."

"నేను చెప్తాను, అందరి ముందూ చెప్తాను. సంజీవరావుగారినీ పిలిపిస్తాను. నీ మీద మచ్చ ఉండటానికి వీల్లేదు" అంది ఛాయాదేవి. కళ్లలో నీళ్లు తిరిగాయి.

మాణిక్యం చేట పక్కన పెట్టింది. "మచ్చ పోగొట్టుకుని ఏం చేసుకుంటామండీ అమ్మాయిగారూ? పోతే పోయింది, ఉంటే ఉంది. కుప్ప ఎట్టాగూ తిరిగి రాదు. అయ్యగార్ని నలుగుర్లో నిలబెడితే మీకు మనసు చల్లబడుద్దేమో గానీ, మాకు ఈ ఊళ్లో ఇంకెవరూ సెంటు భూమి కూడా కౌలుకివ్వరు."

"మరి నన్నేం చెయ్యమంటావే? చెప్పు, ఏదైనా చేస్తాను."

"పొలం మీదేగా" అంది మాణిక్యం. "మీ నాన్నగారు మీకిచ్చింది. పుల్లయ్యకి కాదు, రత్తయ్యే చేసుకుంటాడని ఒక్క మాటనండి. ఇప్పుడే, మా ఆయన వింటన్నాడు. ఇంకేం వద్దు మాకు. నింద నేనే ఉంచుకుంటాను."

గోడవారన రత్తయ్య లేచి నిలబడ్డాడు. తలకు చుట్టుకున్న తువ్వాలు తీసి చేతిలో పట్టుకున్నాడు. ఆవిడ మొహంలోకే చూస్తున్నాడు.

ఛాయాదేవి నోరు తెరిచింది. చెప్పాల్సింది ఒక్క మాట, దానికి ఎవరి సంతకమూ అక్కర్లేదు, ఎవరి అనుమతీ అక్కర్లేదు. ఆ సంగతి ఆవిడకూ తెలుసు.

"ఆయన్ని అడిగి చెబుతానే" అంది.

అన్నది తనేనని ఆవిడకు కాసేపు నమ్మకం కలగలేదు. వెనక్కి తీసుకోవచ్చు, ఇంకా ఎవరూ కదల్లేదు. కానీ ఆవిడ తీసుకోలేదు. కుర్చీలో సర్దుకుని, చీర కుచ్చిళ్లు సవరించుకుంది.

రత్తయ్య తువ్వాలు మళ్లీ తలకు చుట్టుకుని, మెల్లగా కూర్చున్నాడు. మాణిక్యానికి కోపం కూడా రాలేదు. "సరేనండి. ఎండెక్కకముందే బయల్దేరండి, బస్సు దొరుకుద్ది" అంది. చేట తీసుకుని మళ్లీ చెరగడం మొదలుపెట్టింది.

రోడ్డు దాకా నడుస్తుంటే ఛాయాదేవికి ఏడుపు రాలేదు. వస్తే బాగుండుననిపించింది. కంకిపాడు స్టాండులో బస్సెక్కి కిటికీ పక్కన కూర్చున్నాక, కూతురెట్లా ఉందని ఆయన అడిగితే ఏం చెప్పాలా అని ఆలోచించుకోవడం మొదలుపెట్టింది.