గోడకు బిగించిన బోర్డు

వాన వెలిసింది.

కాలువ మీది పాత లాకుల గోడ మీద ఎర్రటి చార... బోర్డు మూల నుంచి జారి, సున్నం మీద పాకి, నేలకు దిగుతోంది.

కొబ్బరి వర్తకుడు పెదబాబు గొడుగు ముడిచి నిలబడ్డాడు. చూడకూడదనుకుంటూనే చూశాడు.

తొంభై ఆరు తుఫానుకు తోటలు వరసలు వరసలుగా ఒరిగిపోయాయి. ఊరు ఈ గోడ చాటున బతికింది. దొరల కాలం నాటి ఇటుక, సున్నం. పెదబాబూ ఆ చాటునే బతికాడు — తల్లి తల ఒళ్లో పెట్టుకుని.

ఆ సంగతి నలుగురికీ తెలియాలన్నాడు. బోర్డు తానే పెట్టిస్తానన్నాడు.

ఉప్పుగాలి. రంగు పొట్టు లేస్తుంది. చెక్కకు చెద. రాతికి పాచి. అన్నీ బేరీజు వేసి, ఎనామిల్ రేకు మేలని తేల్చాడు.

బోర్డు మీది మాటలు రాసిచ్చిన హన్నా టీచరు ఒక్కటే కోరింది.

"గోడ జోలికెళ్లకండి పెదబాబుగారూ. పక్కన స్తంభం పాతించండి."

"స్తంభానికి గేదెలు ఒళ్లు రుద్దుకుంటాయండి టీచరుగారూ. గోడకైతే ఎన్నేళ్లయినా చెక్కుచెదరదండి."

గేదెలు సాకు.

పక్కన పాతితే అరటితోట అడ్డం. బోర్డు అడుగున ఉన్న తన పేరు రాజోలు బస్సుకు కనబడదు.

ఇనప బోల్టులు గోడలోకి దిగాయి.

తన తోటలో చెట్టుకు మేకు కొట్టనివ్వడు. ఎన్నికలప్పుడు పార్టీవాళ్లు వస్తే నిచ్చెన లాగేశాడు. ఇనుము దిగితే చెట్టు ఉంటుందా అని అరిచాడు.

చెట్టు తనది. గోడ ఊరిది.

ఏళ్లు గడిచాయి. బోల్టులు తుప్పు పట్టాయి. తుప్పుకు ఉబ్బాయి. ఉబ్బి ఇటుకను చీల్చాయి — వేలు దూరేంత.

తాపీమేస్త్రి తాతబ్బాయి తట్టి చూసి పెదవి విరిచాడు. పీకితే ఇటుకలు ఊడొస్తాయట. ఉంచితే పగులు పెరుగుతుందట.

బోర్డు లెక్క అంతా వేశాడు పెదబాబు. గోడ లెక్క వేయలేదు.

ఇందాక హన్నా టీచరు బస్సు దిగి వచ్చింది. పగులు చూసింది. బోర్డు చూసింది. కళ్లజోడు తీసి తుడుచుకుంది.

"అక్షరం చెక్కుచెదరలేదండి. అప్పుడే చెప్పేరు కదండీ మీరు."

"ఆయ్," అన్నాడు.

ఆమె వెళ్లిపోయింది.

'ఏ గాలికీ చలించని గోడ ఇది' — ఆమె రాసిన వాక్యం. దాని కింద తన పేరు, వానకు కడిగినట్టు మెరుస్తూ.

కండువా తీసి చార తుడిచాడు. కండువా ఎర్రబడింది. గోడ తెల్లబడలేదు.

మళ్లీ చినుకులు.

బోర్డు మూలన ఎర్రటి బొట్టు... ఊరుతోంది.