అక్క వేళ్ళకి తెలిసిన వరస

ఈ తమ్ముడు మంచివాడే. ఆ మాట ముందే చెప్పేస్తే నయం, ఎందుకంటే కాసేపట్లో మీకు వాడి మీద ఒళ్ళు మండబోతోంది.

వాడిది సాఫ్ట్‌వేర్ పని. ఆఫీసులో పగలంతా ఎవరెవరో రాసిన ప్రోగ్రాముల్లో తప్పులు వెతుకుతాడు. ఇంటికొచ్చి తన సొంత ప్రోగ్రాముల్లో కొత్త తప్పులు పెట్టుకుంటాడు. అది చాలదన్నట్టు ఇంటర్నెట్‌లో వారానికో చిట్కా రాస్తాడు. ఇప్పటికి నూట ఎనభై ఏడు అయ్యాయి. మొట్టమొదటి చిట్కా ఏమిటంటే, ఏది మార్చాలన్నా ముందు పాతదాన్ని కాపీ తీసి పక్కన దాచుకోండి అని. తొమ్మిదోది, రేపు వాడబోయే ప్రోగ్రాంలో ఇవాళ వేలు పెట్టకండి అని. రెండూ నిక్షేపంలాంటి మాటలు. కానీ రాసినవాడు పాటించి తీరాలని ఎక్కడుంది చెప్పండి?

వాడి అక్క లైబ్రరీలో ముందు బల్ల దగ్గర పద్నాలుగేళ్ళుగా పనిచేస్తోంది. తలుపు తోసుకుని వచ్చిన ప్రతి మనిషికీ మొదట కనిపించే మొహం ఆవిడదే. ఎవరికి ఏ పుస్తకం కావాలో వాళ్ళు సగం చెప్పేలోపే లేచి నడుస్తుంది. అలాంటి మనిషికి ఐదు నెలల క్రితం పక్షవాతం వచ్చింది. కాలు తేరుకుంది. కుడి చెయ్యి సగం తేరుకుంది. మాట మాత్రం పోయింది. ఎదుటివాళ్ళు చెప్పేది అంతా అర్థమవుతుంది, అక్షరాలూ గుర్తున్నాయి, నాలుకే మాట వినడం మానేసింది. ఎడం చేత్తో కాగితం మీద ఒక ముక్క రాయాలంటే ఐదు నిమిషాలు పడుతుంది. అంతసేపు ఆగే ఓపిక లోకంలో ఎవరికుంది?

అప్పుడు తమ్ముడు రంగంలోకి దిగాడు. అక్క పాత ఫోనులో ఇరవై బటన్లు పెట్టాడు. ఒక్కో బటను నొక్కితే ఒక్కో మాట. నీళ్ళు కావాలి, ఇటు రండి, ఎవరు చేశారు ఈ పని, టీవీ సౌండు తగ్గించండి, ఇలాంటివి. గొంతు వాడి పెళ్ళాంది. ఇరవయ్యో బటనులో ఏం పెట్టాలో అక్కే కాగితం మీద చెమటోడ్చి రాయడం మొదలెట్టింది. మొదటి మూడు ముక్కలు చూసి తమ్ముడు పకపకా నవ్వి, “సరేలే, నన్ను తిట్టడానికి కూడా ఒక బటను కావాల్సొచ్చిందా!” అంటూ ఆఫీసుకు వెళ్ళిపోయాడు. కాగితం మీద ఉన్నదాన్ని మరదలే రికార్డు చేసి పెట్టింది. సాయంత్రం వచ్చి వాడు అన్ని బటన్లూ పరీక్ష చేశాడు. పరీక్ష అంటే మరేం లేదు, నొక్కడం, మొదటి మాట వినపడగానే ఆపేయడం, టిక్కు పెట్టడం. ఇరవయ్యోది “మా తమ్ముడు తిక్కోడు” అంది. దానికీ ఒక టిక్కు పడింది.

ఆ తర్వాత పెద్ద టాబ్లెట్ కొని, అందులో అరవై బటన్లు పెట్టాడు. సగానికి పైగా లైబ్రరీ మాటలే. ఏ బటను ఎక్కడ ఉండాలో అక్క తనే వేలితో జరుపుకుని రెండు నెలల పాటు సర్దుకుంది. తిక్కోడి బటన్ని మాత్రం తమ్ముడు ఇందులోకి రానివ్వలేదు. “ఇది సీరియస్ ప్రోగ్రాం అక్కా. ఆ పాత ఫోను కూడా ఇంక పారెయ్యి, కొత్త వెర్షను దాన్లో ఎక్కదు,” అన్నాడు. అక్క తల ఊపింది. ఆవిడ తల ఊపితే ఒప్పుకున్నట్టు కాదని నలభై ఏళ్ళు వచ్చినా వాడికి తెలీదు.

లైబ్రరీ పెద్ద మేడమ్ మంచి మనిషే కానీ ముక్కుసూటి మనిషి. “సోమవారం తొమ్మిదిన్నర నుంచి ఒంటిగంట దాకా మీ సీట్లో కూర్చోండి. జనంతో పని నడిస్తే సీటు మీదే. నడవకపోతే వెనక గదిలో చిరిగిన పుస్తకాలకి అట్టలు అంటించే పని ఉంది, జీతం తగ్గదు,” అని చెప్పేసింది. జీతం గొడవ కాదు అక్కది. ఆ వెనక గదికి కిటికీ కూడా లేదు. రోజుకి ఒక్క మనిషి మొహమైనా కనిపించదు. ఆ కబురు విన్న రోజు ఆవిడ అన్నం ముందు కూర్చుని గోడ చూస్తూ ఉండిపోయింది.

ఇక ఆదివారం సంగతికి వద్దాం. ఆ మధ్యాహ్నం అక్క కునుకు తీస్తోంది. తమ్ముడు టాబ్లెట్ ముందేసుకుని కూర్చున్నాడు. అన్నీ బాగానే ఉన్నాయి. బాగానే ఉంటే వాడికి చేతులు ఊరుకుంటాయా? అక్క ఒక్కో మాటకి ఒకటిన్నర సెకను తీసుకుంటోందని వాడు లెక్కేసి పెట్టుకున్నాడు. ఎక్కువ వాడే మాటలు వాటంతటవే ముందు వరసలోకి వచ్చేస్తే సెకనులో అయిపోతుంది కదా అని తోచింది. తోచిందే తడవుగా చేసేశాడు. మరదలు చూసి, “వదినకి చెప్పావా?” అంది.

“రేపు తనే చూస్తుందిగా. సర్‌ప్రైజు,” అన్నాడు మహా సంబరంగా.

సోమవారం తొమ్మిదిన్నరకి అక్క తన సీట్లో కూర్చుంది. ఇస్త్రీ చీర, కొత్త పెన్ను, చేతి కింద టాబ్లెట్. తమ్ముడు లాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని, ఎదురుగా గోడ వారన బెంచీ మీద సెటిలయ్యాడు. అద్దాల గదిలోంచి పెద్ద మేడమ్ ఇటే చూస్తోంది.

మొదట టోపీ పెట్టుకున్న ఒక ముసలాయన వచ్చాడు. “పేపర్లు ఎక్కడమ్మా, చోటు మార్చారా?” అన్నాడు. అక్క ఆయన మొహంలోకి చూసి, హాయిగా నవ్వి, టాబ్లెట్ వైపు చూడకుండానే మొదటి వరసలో వేలు పెట్టింది. “ఈ పుస్తకం బయటికి ఇవ్వం,” అంది టాబ్లెట్.

“ఏ పుస్తకం? నేను పేపరు అడిగాను,” అన్నాడాయన.

అక్క నవ్వు అలాగే ఉంది, కళ్ళు మాత్రం బెదిరాయి. మళ్ళీ నొక్కింది. “గడువు దాటింది.”

తమ్ముడికి అప్పుడు తట్టింది. ఇన్నాళ్ళుగా వాడు అక్క మాట్లాడుతుంటే తెరనే చూశాడు తప్ప అక్కని చూడలేదు. ఆవిడ మాట్లాడేటప్పుడు ఎదుటి మనిషినే చూస్తుంది. ఎప్పుడూ అంతే. బటన్లన్నీ వేళ్ళకి కంఠతా వచ్చు. మన వంటింట్లో పోపుల డబ్బా ఎక్కడుందో చూసుకుని తీస్తామా ఏమిటి? రాత్రికి రాత్రి ఎవరో వచ్చి డబ్బాలన్నీ మార్చేసి పోతే ఎలా ఉంటుందో, సరిగ్గా అదే చేశాడు ఈ ఘనుడు.

పైగా ఆ దిక్కుమాలిన ప్రోగ్రాం ఊరుకుంటుందా? పొరపాటున నొక్కిన మాటని కూడా వాడకం కిందే లెక్కేసుకుంది. అక్కకి ‘గడువు దాటింది’ అంటే మహా ఇష్టం కాబోలు అనుకుని దాన్ని తీసుకొచ్చి మొదటి వరసలో మొదట కూర్చోబెట్టింది. తర్వాత చంటిపిల్లని ఎత్తుకుని ఒకావిడ సభ్యత్వం ఫారం కోసం వస్తే, ఫారం సంగతి చెప్పబోయిన అక్క చేత “గడువు దాటింది” అనిపించింది. ఆవిడ బిక్కమొహం వేసుకుని, “ఇంకా చేరనే లేదండీ,” అంది. వెనక నిలబడ్డ ఇద్దరు కిసుక్కున నవ్వారు. అద్దాల గదిలో పెద్ద మేడమ్ కుర్చీలోంచి లేచింది.

తమ్ముడు ఒక్క గెంతులో బల్ల దగ్గరికి వచ్చి పడ్డాడు. “అక్కా, నేనే నిన్న మార్చాను. రెండే రెండు నిమిషాలు.” తీగ తగిలించి, లాప్‌టాప్ తెరిచి, ఆ ముందుకు జరిపే తెలివినైతే ఆపేశాడు. మరి పాత వరస? అది అక్క టాబ్లెట్ మీద స్వయంగా సర్దుకున్నది. కొత్త వరస సరిగ్గా దాని మీదే రాసుకుని కూర్చుంది. కాపీ లేదు. మొదటి చిట్కా రాసిన మహానుభావుడు కాపీ తీయలేదు! “అక్కా... వరస పోయింది,” అన్నాడు.

అక్క వాడి వంక ఒక చూపు చూసింది. ఆ చూపుకి టాబ్లెట్ అక్కర్లేదు. అరవై బటన్లూ ఒక్కసారే నొక్కినట్టుంది. తర్వాత టాబ్లెట్‌ని బల్ల మీద బోర్లా పెట్టి, సంచిలో చెయ్యి పెట్టి, పారేస్తానన్నట్టు తల ఊపిన పాత ఫోను బయటికి తీసింది.

ఇరవై మాటలు. అన్నీ ఇంటి మాటలే. వాటితోనే ఆవిడ ఆ పూటంతా బల్ల నడిపింది. టోపీ ముసలాయన్ని “ఇటు రండి” అని పేపర్ల దగ్గరికి తనే తీసుకెళ్ళి కూర్చోబెట్టింది. చంటిపిల్ల తల్లికి ఫారం చేతిలో పెట్టి, పిల్లని చూపించి “తిన్నావా?” అని నొక్కింది. ఆవిడ నవ్వి, పిల్ల చేత కూడా ఊఁ కొట్టించింది. పేజీలు చిరిగిన పుస్తకం ఒకటి తిరిగొస్తే, “ఎవరు చేశారు ఈ పని?” అని అడిగింది. తెచ్చిన పెద్దమనిషి చిన్నపిల్లాడిలా నేల చూపులు చూసి, “మా ఇంట్లో కుక్కండీ,” అన్నాడు. మూల బల్ల దగ్గర ఇద్దరు లోకాభిరామాయణం మొదలెడితే “టీవీ సౌండు తగ్గించండి” అంది. చదువుకుంటున్న వాళ్ళు కూడా తలలెత్తి నవ్వారు. ఆ ఇద్దరూ మాత్రం నోళ్ళు మూసుకున్నారు. పదకొండున్నరకల్లా, పనేమీ లేకపోయినా బల్ల దగ్గరికి వచ్చి ఆవిడ చేత ఏదో ఒకటి అనిపించుకుని పోయే వాళ్ళు తయారయ్యారు.

తమ్ముడు బెంచీ మీద లాప్‌టాప్ మూసి కూర్చున్నాడు. చేయడానికి ఏమీ లేక, ఆ పూట మొదటిసారి అక్కనే చూశాడు. ఆవిడ ఎవరి మొహం వైపు ఎలా చూస్తోందో, జవాబు కోసం ఎంతసేపు ఆగుతోందో చూశాడు. ఒకటిన్నర సెకను అని తను లెక్కేసిందంతా ఆవిడ ఎదుటి మనిషిని ఆసాంతం చూడ్డానికి తీసుకునే సమయం అని అప్పటికి తెలిసింది. తల తీసేసినట్టయింది.

ఒంటిగంటకి పెద్ద మేడమ్ బయటికి వచ్చింది. ఆవిడ నోరు తెరిచేలోపే తమ్ముడు లేచి నిలబడి, “మేడమ్, పొద్దున జరిగింది మా అక్క తప్పు కాదండి. యంత్రం తప్పు కూడా కాదు. బాగున్నదాన్ని నేనే కెలికాను. నిన్న కెలికాను, అదీ చెప్పకుండా,” అన్నాడు.

“తెలుస్తూనే ఉంది,” అంది మేడమ్. అక్క వైపు తిరిగి, “రేపు తొమ్మిదిన్నరకి ఇదే సీటులోకి వచ్చేయండి. ఈయన్ని మాత్రం తీసుకురావద్దు,” అని వెళ్ళిపోయింది.

అక్క కళ్ళలో నీళ్ళు తిరిగాయి. కొంగుతో తుడుచుకుని, టాబ్లెట్ తీసుకుని బెంచీ దగ్గరికి వచ్చి వాడి పక్కన కూర్చుంది.

“అక్కా, ఆ అరవై మళ్ళీ ఎలా సర్దాలో నాకు తెలీట్లేదు. రెండు నెలల పని నీది. నాశనం చేశాను,” అన్నాడు వాడు.

అక్క వాడి జేబులోంచి పెన్ను లాగి, ఒక కాగితంతో సహా వాడి చేతిలోనే పెట్టింది. టాబ్లెట్‌ని ఒళ్ళో బోర్లా పెట్టుకుని, దాని వీపు మీద ఎడం చెయ్యి ఆనించి, కళ్ళు మూసుకుంది. వేలు కదిలింది. మొదటి వరస, మొదటి గడి. ఫారాల కట్ట వైపు గడ్డం చూపించింది. వాడు రాసుకున్నాడు. రెండో గడికి కిటికీ పక్క పేపర్లు. మూడో గడికి చేతులు జోడించింది. అలా ఒక్కో గడీ వేలు చెప్తూ పోయింది, వాడు రాస్తూ పోయాడు. ఎక్కడా తడబడలేదు. వాడు పోగొట్టిన వరస మొత్తం ఆ వేళ్ళలో భద్రంగా ఉంది.

అరవయ్యో గడి దగ్గర అక్క ఆగింది. అక్కడ ఇదివరకు “ధన్యవాదాలు” ఉండేది. తల అడ్డంగా ఊపి, పాత ఫోను తీసి, అందులో ఇరవయ్యో బటను నొక్కి, ఇది అక్కడ పెట్టు అన్నట్టు వేలితో చూపించింది.

“మా తమ్ముడు తిక్కోడు,” అంది మరదలి గొంతు.

“సరే అక్కా, పెడతాలే, ఇవాళ ఆ తిట్టు నాకు పడాల్సిందే,” అంటూ తమ్ముడు అలవాటు ప్రకారం ఆపడానికి చెయ్యి చాచాడు. అక్క ఆ చేతి మీద చురుక్కుమనేలా ఒక్కటి వేసి, మణికట్టు పట్టుకుని ఆపింది. ఫోను ఇంకా మాట్లాడుతూనే ఉంది. వాడు ఇన్నాళ్ళలో ఒక్కసారీ అక్కడిదాకా విననే లేదు.

“...కానీ నాకు నోరు పోయిన రోజు నుంచి వాడు కంటినిండా నిద్రపోలేదు. వాణ్ని ఎవరూ ఏమీ అనకండి.”

తమ్ముడి చేతిలో పెన్ను అలాగే ఉండిపోయింది. రాసుకోమన్నట్టు అక్క కాగితం మీద వేలితో తట్టింది. అరవై అని అంకె వేసి, వాడు రాసుకున్నాడు.